అంకిరిన్ చెప్పిన నోరు

చచ్చినవాడి కళ్ళు చారెడు అని మా నాయనమ్మ అనేది. మా సారు పోయారని మొన్న కబురొచ్చిన దగ్గర్నుంచీ ఆ కళ్ళ కొలతలే వింటున్నాను. ఎంత గొప్ప మేష్టారు, ఎంత విషయం, ఎంత ఓపిక అంటూ ఎమ్మెస్సీలో నాతో చదివినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు చేశారు. గుంటూరులో సంతాపసభ పెడుతున్నారట. మా బ్యాచ్‌లో అందరూ మందుల కంపెనీల్లోకీ బ్యాంకుల్లోకీ పోగా, చాక్‌పీసు పట్టుకుని మిగిలింది నేనొక్కదాన్నే. వినుకొండలో జూనియర్ కాలేజీ పిల్లలకి జువాలజీ చెబుతాను. కాబట్టి సభలో నేను మాట్లాడాలట. మాట్లాడలేకపోతే నాలుగు ముక్కలు రాసుకొచ్చి చదివినా చాలన్నారు.

ఆ నాలుగు ముక్కలూ ఇవే. సభలో చదవడానికి మాత్రం కాదు. పోయినవాళ్ళని గారూ వారూ అనాలంటారు కాబట్టి మొదట్లో ఒకసారి అన్నాను. ఇక అనను.

ఆయన మాకు సెల్ బయాలజీ చెప్పేవాడు. చెప్పేవాడు అనడం కూడా మర్యాద కొద్దీ అంటున్నాను, నిజానికి రాయించేవాడు. నోట్లో ఒక యాలక్కాయ పడేసుకుని, వేళ్ళకి సున్నం అంటకుండా చాక్‌పీసుకి కాగితం ముక్క చుట్టి పట్టుకుని, తిరిగే ఫ్యాన్ వైపు చూస్తూ మొదలుపెట్టేవాడు. కామా, ఫుల్‌స్టాప్ కూడా పైకే పలికేవాడు. ఆ అలవాటు మామూలు మాటల్లోకీ దిగింది. "రికార్డులు సోమవారానికి నా టేబుల్ మీద ఉండాలి, ఫుల్‌స్టాప్" అన్నాడంటే ఇక ఎవరూ నోరెత్తకూడదని అర్థం. మమ్మల్ని పేర్లు పెట్టి పిలవడం ఆయనకి నామోషీ. ఊరి పేరుతో పిలిచేవాడు. నేను ప్రత్తిపాడుని. నా పక్కన కూర్చునే అమ్మాయి కొత్తపట్నం. మేమిద్దరం ఏదన్నా గుసగుసలాడితే, "ఏం, ప్రత్తిపాడు నుంచి కొత్తపట్నానికి కొత్తగా బస్సు వేశారా?" అనేవాడు. క్లాసంతా నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం, నవ్వకపోతే ప్రాక్టికల్స్‌లో మార్కులు ఆయన చేతిలో ఉంటాయి కనక.

ఆయనకి పేరు తెచ్చిన పాఠం అంకిరిన్. దాని గురించి ఎంత తక్కువలో చెప్పొచ్చో అంత తక్కువలో చెబుతాను. ఎర్ర రక్తకణం చుట్టూ ఒక పల్చటి పొర ఉంటుంది. ఆ పొరకి లోపలివైపు, కణం ఆకారం చెడకుండా నిలబెట్టే ప్రొటీన్ల అల్లిక ఒకటి ఉంటుంది. పొర దారి పొరది, అల్లిక దారి అల్లికది. ఆ రెండిటినీ కలిపి పట్టుకునే ప్రొటీన్లలో ముఖ్యమైనది అంకిరిన్. ఇది నాకు మొదటిసారి విన్నప్పుడే అర్థమైంది. మా పశువుల పాక మీద తాటాకు, దాని కింద వెదురు బద్దలు, రెండిటికీ మధ్య తాటినార కట్లు ఉంటాయి. కట్లు చీకిపోయిన ఏడు తుపాను గాలికి తాటాకు లేచిపోయింది, బద్దలు మాత్రం చెక్కు చెదరలేదు. అంకిరిన్ అంటే ఆ కట్టు అనుకున్నాను, ఇప్పటికీ మా పిల్లలకి అలాగే చెబుతాను.

ఆయన మాత్రం లంగరు అనేవాడు. ఆ పేరు లంగరు అనే అర్థమున్న మాట నుంచే వచ్చిందని చెప్పి, ఫ్యాన్ మీంచి చూపు దించి, ఏడాదికొకసారి వేసే జోకు వేసేవాడు. "లంగరు లేని పడవని కొత్తపట్నంలో ఆపితే చీరాలలో వెతుక్కోవాలి." సీనియర్ల దగ్గర మేం తీయించుకున్న జిరాక్సు నోట్సులో ఆ వాక్యం పక్కన "ఇక్కడ నవ్వాలి" అని రాసి ఉంది. మేం అక్కడే నవ్వాం. బొమ్మ మాత్రం బాగా వేసేవాడు, కాదనను. ఎర్ర చాక్‌పీసుతో కణం, తెల్లదానితో అల్లిక, మధ్యలో అంకిరిన్ కోసం పసుపు చుక్కలు. ఆ బోర్డుని తుడవడానికి మనసొప్పేది కాదు.

బొమ్మ అయ్యాక, అంకిరిన్ లోపిస్తే ఏమవుతుందో రాయించాడు. పొర ముక్కలు ముక్కలుగా ఊడిపోతుంది, కణం బిళ్ళలా ఉండాల్సింది బంతిలా గుండ్రబడుతుంది, గుండ్రబడ్డ కణాలు ప్లీహంలో ఇరుక్కుని పగిలిపోతాయి. ప్లీహాన్నే మా ఊళ్ళో బల్ల అంటారు. "పేషెంటుకి తరచూ కామెర్లు, కామా. చిన్న వయసులోనే పిత్తాశయంలో రాళ్ళు, కామా. ప్లీహం వాపు, కామా. వంశపారంపర్యం, ఫుల్‌స్టాప్." రాస్తున్నదాన్ని రాస్తున్నట్టే ఆగిపోయాను. మా ఇంటిని ఊళ్ళో పచ్చకళ్ళోళ్ళ ఇల్లు అంటారు. మా తాత కళ్ళు పచ్చన, మా నాన్న కళ్ళు పచ్చన, మా తమ్ముడు శీను కళ్ళు మరీ పచ్చన. నావీ అమ్మవీ తెల్లనివి. ఊరు మా ఇంటిపేరు మార్చింది గానీ అదొక జబ్బని ఎవరికీ తట్టలేదు.

లేచి నిలబడ్డాను. ఆయన క్లాసులో ఎవరూ లేచి నిలబడరు.

"సార్, ఈ జబ్బు మన వైపు కూడా వస్తదా?"

"మన వైపంటే?"

"మా తమ్ముడికి ఏడాదికోసారన్నా కామెర్లొస్తాయి సార్. ఎడంవైపు బల్ల కూడా తగులుద్ది. మా నాన్నకి పెళ్ళికి ముందే పిత్తాశయంలో రాళ్ళని ఆపరేషన్ చేశారు. మా తాతక్కూడా..."

ఆయన యాలక్కాయని ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకి మార్చుకున్నాడు. "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుద్దని విన్నాను. వాడి అక్కక్కూడా కనపడుద్దని ఇవాళే తెలిసింది. కూర్చో ప్రత్తిపాడు. అది పేపర్లో జబ్బు."

పేపర్లో జబ్బు అంటే ప్రశ్నపత్రంలో వచ్చే జబ్బు. మనుషులకి వచ్చేది కాదు. అది ఆయన మాట, ఆయన సొంత మాట. ఆయన లెక్కలో ప్రపంచంలో ఉన్న విషయాలన్నీ రెండు రకాలు, పేపర్లోవీ ఇంట్లోవీ. ఒకదాని గాలి ఒకదానికి సోకకూడదు. మడి కట్టుకున్నవాడు మైలబట్ట తగలకుండా ఎలా తప్పుకు తిరుగుతాడో, ఆయన తన చదువుకి తన బతుకు తగలకుండా అలా తప్పుకు తిరిగేవాడు. దాన్నే అందరూ విజ్ఞానం అన్నారు.

ఇంటికెళ్ళి నాన్నతో చెప్పాను, శీనుని గుంటూరు తీసుకెళ్ళి రక్తం పరీక్ష చేయిద్దామని. శీను అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. నాన్న మంచివాడు, మొండివాడు. ఆ ఏడు పత్తిని పురుగు తినేసింది, మనిషి చికాకుగా ఉన్నాడు. అయినా కాదనలేదు.

"మీ సారు డాక్టరంటగా, ఆయన్నే అడుగుదాం."

"ఆ డాక్టరు వేరు నాన్నా. ఎక్కువ చదివితే ఇచ్చే పేరది. వైద్యం చేసే డాక్టరు కాదు."

"ఏ డాక్టరైనా చదివేగదమ్మాయ్ అయ్యేది. ఆయన ఊఁ అంటే ఎంతదూరమైనా పోదాం."

ఇక అక్కడ్నుంచీ శీను వైద్యం ఆయన ఊఁ అనడం మీద ఆగింది. ఆయన ఇంటి గేటు మీద పాలరాతి పలకలో పేరుకి ముందు డాక్టర్ అని పెద్ద అక్షరాలతో చెక్కించి ఉంది. శీనుని వెంటబెట్టుకుని నేనూ నాన్నా వెళ్ళాం. దాన్ని చూడగానే నాన్న చెప్పులు గేటు బయటే విడిచాడు. అమ్మ ఇచ్చిన గోంగూర, ములక్కాడల సంచీ పట్టుకుని వరండాలో నిలబడ్డాడు. ఆయన బనీనుతో, భుజాన తువ్వాలుతో వచ్చి పడక్కుర్చీలో కూర్చున్నాడు. మమ్మల్ని కూర్చోమనలేదు.

"కామెర్లు ఇంతకుముందు వచ్చినయ్యా?"

"చానాసార్లొచ్చినయ్యండి," అన్నాడు నాన్న.

"పసరు పోశారా?"

"పోశామండి. పోసినప్పుడల్లా తగ్గుద్దండి."

"తగ్గుతుందిగా మరి. తగ్గే జబ్బుకి ఇంకో పేరెందుకు?"

నేను కలగజేసుకున్నాను. "సార్, ఏ పరీక్ష చేయించాలో ఒక్క ముక్క రాసివ్వండి సార్. మీరు చెబితే మా నాన్న వింటాడు."

"పరీక్షలో రాసేది వేరు, ఇంట్లో చేసేది వేరు. ఆ తేడా తెలియని వాళ్ళకి ఫస్టు క్లాసు రాదు ప్రత్తిపాడు." అని, నాన్న వైపు తిరిగి కుడిచేతి మణికట్టు చూపించాడు. దానిమీద పాత వాత మచ్చ ఒకటి నున్నగా మెరుస్తోంది. "నాకూ చిన్నప్పుడు కామెర్లొచ్చినయ్. మా అమ్మ ఈ వాత పెట్టించి పసరు పోయించింది. నేను బతికి లేనా? ఆదివారం పరగడుపున పసరు పోయించండి. ఉప్పు, నూనె, కారం మానిపించండి. ఫుల్‌స్టాప్."

నాన్న మొహం విప్పారింది. "డాక్టరుగారే చెప్పినాక ఇంకేవుంది," అని దణ్ణం పెట్టాడు. నేను మందుల డాక్టర్ని కాదయ్యా అని ఆయన ఆ క్షణంలో ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. తల మాత్రం ఆడించాడు, సంచీ లోపల పెట్టమని ఇంట్లోవాళ్ళని కేకేశాడు. బస్సులో శీను నా చెవిలో అన్నాడు, "అక్కా, మీ సారు నా మొహమే చూళ్ళేదు. సంచీ మాత్రం బాగా చూశాడు." వాడికి అన్నీ వేళాకోళమే. కళ్ళు పచ్చబడ్డ ప్రతిసారీ అద్దంలో చూసుకుని, మన చేలో పత్తిపువ్వులు ఈ ఏడు నా కళ్ళలో పూశాయి అనేవాడు.

పసరు పోశారు, తగ్గింది. తగ్గకేం? ఆ జబ్బులో పచ్చదనం ఎక్కువవుతూ తగ్గుతూ ఉంటుంది, నీళ్ళు తాగినా తగ్గుతుంది, ఊరుకున్నా తగ్గుతుంది. ఆ తగ్గడాన్నంతా పసరు తన పద్దులో రాసుకుంటుంది. పసరు పోసే ముసలాయన మీద నాకు ఏ కోపమూ లేదు. ఆయనకి అంకిరిన్ తెలియదు. తెలిసినట్టు పాలరాతి మీద చెక్కించుకోలేదు కూడా. చేతిలో దీపం పెట్టుకుని గుడ్డివాడికి గోతిలోకి దారి చూపినవాడి మీదే నా కోపమంతా.

మిరపకోతలొచ్చాయి. మా సారుకి ఒక అలవాటుంది. పండుమిరపకాయల రోజుల్లో స్కూటరేసుకుని శిష్యుల ఊళ్ళు తిరిగేవాడు. గుంటూరులో దొరికే కాయ కాయే కాదని, పచ్చడికి చెట్టు నుంచి దిగిన కాయే కావాలని ఆయన సిద్ధాంతం. ఆ ఏడు ప్రత్తిపాడు వంతు వచ్చింది. ఆయన మా కల్లానికి వచ్చేసరికి నేల మీద కాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి, కూలీలు తాలుకాయలు ఏరుతున్నారు, పక్కన పందిరి నీడలో నులకమంచం మీద శీను పడుకుని ఉన్నాడు. అంతకుముందు వారంలో వాడికి జ్వరం వచ్చి పోయింది. కళ్ళు పచ్చబడగానే అమ్మ మళ్ళీ పసరు మొదలుపెట్టింది. తన చేత్తో మేకపాలల్లో కలిపి తాగించింది. మళ్ళీ పత్యం. మిరపకాయల ఘాటుకి ఊరంతా తుమ్ముతుంటే ఆ ఘాటు మధ్యలో కూర్చుని వాడు చప్పటి పెరుగన్నం తినేవాడు, పచ్చళ్ళ జాడీ వైపు చూసి నిట్టూర్చేవాడు.

ఈసారి కళ్ళు ఎప్పుడూ లేనంతగా తెల్లబడ్డాయి. పుట్టినప్పట్నుంచీ వాడి కళ్ళలో ఎంతో కొంత ఉండే పచ్చదనం పూర్తిగా పోయింది. అమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పచ్చకళ్ళోళ్ళన్న పేరు నా కొడుకుతో పోయిందని ఇంటింటికీ చెప్పుకొచ్చింది. నాకు మాత్రం భయమేసింది. ఎందుకో అప్పటికి నాకు తెలియదు. పెదాలూ తెల్లగానే ఉన్నాయి, గోళ్ళూ తెల్లగానే ఉన్నాయి. మంచం దిగి తూము దాకా నడిస్తే ఆయాసంతో కూలబడుతున్నాడు.

"మీ దయవల్ల కామెర్లు దిగినయ్ డాక్టరుగారూ, వాడి కళ్ళు చూడండి," అన్నాడు నాన్న.

ఆయన మంచం మీదికి వంగి, మొదటిసారి శీను మొహంలోకి చూశాడు. "మల్లెపూలల్లే ఉన్నయ్ గదయ్యా."

"సార్, పెదాలు కూడా తెల్లబడ్డాయి," అన్నాను. "అరచేతులు చూడండి సార్. నాలుగడుగులేస్తే రొప్పుతున్నాడు. గుంటూరు తీసుకెళ్ళమని ఒక్కమాట చెప్పండి సార్, ఇప్పుడే లారీ పోతంది."

"ఉప్పూ కారం లేకుండా పత్యం చేసినవాడు తెల్లబడక మిరప్పండల్లే ఉంటాడా?" కూలీలు నవ్వారు. ఆయనకి నవ్వేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. "కామెర్లు పోయినయ్. కాస్త కారం తగలనియ్యండి, వాడే లేచి తిరుగుతాడు. ఫుల్‌స్టాప్."

పండుమిరపకాయల గోతం స్కూటరు ముందు పెట్టించుకుని వెళ్ళిపోయాడు. గుంటూరు లారీ కూడా వెళ్ళిపోయింది. నేను ఎంత పోట్లాడినా, "డాక్టరు చూసి చెప్పినాక నీకేం తెలుసమ్మాయ్" అని నాన్న. ఆ పూట అమ్మ వేడన్నంలో పండుమిరపకాయ పచ్చడి, నెయ్యి కలిపి ముద్దలు చేసి పెట్టింది. శీను రెండు ముద్దలు తిన్నాడు. "ఇన్నాళ్ళకి అన్నం తిన్నట్టుందమ్మా," అన్నాడు. మూడో ముద్ద నమల్లేక వద్దన్నాడు.

తెల్లారాక పెరట్లో మొహం కడుక్కుంటూ పడిపోయాడు. మార్కెట్ యార్డుకి మిరపకాయలు తీసుకెళ్ళే లారీ ముందుభాగంలో వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని నేనూ నాన్నా గుంటూరు చేరాం. ఆస్పత్రిలో డాక్టరమ్మ వాడి కింది రెప్ప లాగి చూసింది. నాకూ అప్పుడే కనపడింది, ఎర్రగా ఉండాల్సిన చోట కాగితంలా ఉంది. "ఒంట్లో రక్తం లేదు. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అంది. నాన్న, "కామెర్లు తగ్గినయ్యమ్మా," అన్నాడు. ఆమె ఆయన వైపు ఒక్క క్షణం చూసి, రక్తం కోసం పరుగెత్తింది. రక్తం సీసా తెచ్చి తగిలించారు గానీ అది వాడికి ఎక్కేలోపే గుండె ఆగిపోయింది. అమ్మ వెనక బస్సులో వస్తోంది. ఆమె ఆస్పత్రి మెట్లెక్కేసరికి వాడి కళ్ళు మూసేశారు.

ఏం జరిగిందో తర్వాత మెడికల్ కాలేజీలో చదివే స్నేహితురాలి పుస్తకంలో చదివాను. ఈ జబ్బున్నవాళ్ళకి ఒక రకం మామూలు వైరస్ జ్వరం తగిలితే, ఎముకల్లోని మజ్జ కొన్నాళ్ళపాటు రక్తకణాలు చేయడం మానేస్తుంది. ఉన్నవేమో గబగబా పగిలిపోతాయి. ఇక పగలడానికే కణాలు కరువైనప్పుడు పచ్చదనం ఎక్కడ్నుంచి వస్తుంది? కళ్ళు తెల్లబడతాయి. ఆ తెలుపు జబ్బు తగ్గిన తెలుపు కాదు, రక్తం అయిపోయిన తెలుపు. వేళకి రక్తం ఎక్కిస్తే మజ్జ మళ్ళీ పని మొదలుపెడుతుంది, మనిషి లేచి కూర్చుంటాడు. నాన్నకి చదివి వినిపించాను. "మీ అమ్మకి చెప్పబాక," అన్నాడు. ఆ తర్వాత ఆయన ఎవర్నీ డాక్టరుగారూ అని పిలవగా నేను వినలేదు.

అయినా సారు మీద నా కోపానికి అప్పట్లో ఒక హద్దుండేది. ఆ సంగతి ఆయనకీ తెలియదేమో, రాయించినంత వరకే తెలుసేమో అనుకునేదాన్ని. తెలియక చెప్పినవాణ్ణి తిట్టుకుంటాం గానీ శపించం. ఆ హద్దు ఫైనలియర్ వైవాలో చెరిగిపోయింది.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ పక్కన మా సారు సఫారీ సూటులో కూర్చుని ఉన్నాడు. ఎగ్జామినర్ ఏవో రెండు ప్రశ్నలడిగాడు, చెప్పాను. అప్పుడు మా సారు ముందుకు వంగి, "నేనొకటి అడుగుతానండీ, ఇది ఏటా అందరికీ వేసే గాలం," అన్నాడు ఆయనతో. నా వైపు తిరిగాడు. "అంకిరిన్ లోపం ఉన్న పేషెంటు. ఎప్పుడూ కళ్ళు పచ్చగా ఉంటాయి. జ్వరం వచ్చి పోయింది, హఠాత్తుగా కళ్ళు తెల్లబడ్డాయి. మంచిదా, చెడ్డదా?"

ఏటా వేసే గాలం. అంటే ముందే తెలుసు. మా కల్లంలో మంచం మీదికి వంగినప్పుడూ తెలుసు.

"చెడ్డది సార్."

"ఎందుకు?"

చెప్పాను. మజ్జ ఆగిపోవడం, కణాలు అయిపోవడం, పెదాలు, గోళ్ళు, ఆయాసం, ఎక్కించాల్సిన రక్తం, అన్నీ వరసగా చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. "చూశారా అండీ, అందరూ మంచిదనే చెప్పి దొరికిపోతారు. మా అమ్మాయి దొరకలేదు," అన్నాడు ఎగ్జామినర్‌తో.

"మా కల్లంలో మీరూ మంచిదనే చెప్పారు సార్," అన్నాను.

యాలక్కాయ నమలడం ఆగింది. నన్ను చూశాడు, కల్లం గుర్తొచ్చినట్టుంది. శీను పోయిన సంగతి కాలేజీలో అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. ఒక్క మాట అంటాడేమోనని నిలబడ్డాను. క్షమించమని అడుగుతాడని కాదు. అయ్యో అన్నా చాలనిపించింది.

"అది వేరమ్మా," అన్నాడు. నన్ను ఊరి పేరు లేకుండా పిలవడం అదే మొదలు, అదే చివర. "నెక్స్ట్."

వైవాలో నాకు వందకి వంద వేశాడు. ఆ మార్కుల వల్లే నాకు యూనివర్సిటీలో ర్యాంకొచ్చింది, ర్యాంకు వల్ల ఉద్యోగమొచ్చింది. ఇప్పుడు ఫోన్ చేసినవాళ్ళందరూ దాన్నే గుర్తుచేస్తున్నారు. నీకు ఫుల్ మార్కులేసిన చెయ్యి కదే, నువ్వు మాట్లాడకపోతే బాగుండదే అంటున్నారు. ఆయన్ని చెడ్డవాడని కూడా అనలేను. చెడ్డవాడికి చెడు చేయాలనే ఉద్దేశమన్నా ఉంటుంది. ఈయనకి అదీ లేదు. ఆయన బుర్రకీ నోటికీ మధ్య ఉండాల్సిన కట్టు ఒకటి పుట్టుకతోనే లేదు, అది లేనందుకు ఆయనకి ఎప్పుడూ ఏమీ కాలేదు. కామెర్లు కూడా మళ్ళీ రాలేదు. కావలసినంత కాలం బతికి, శాలువాలు కప్పించుకుని, నిద్రలో పోయాడట. చావు కూడా ఆయన్ని ఏ ప్రశ్నా అడగలేదు.

సభకి వెళ్ళనని నిశ్చయించుకున్నాను. నిన్న సెలవని ప్రత్తిపాడు వెళితే, వంటింట్లో ఉన్న అమ్మకి ఫోన్లో నా మాటలు వినపడ్డాయి. చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఆ సారు పోయాడా?"

"పోయాడమ్మా."

"అయ్యో. మంచాయన." అమ్మ గుమ్మంలోనే కూర్చుంది. "నువ్వెళ్ళాలమ్మాయ్. నా తరఫున కూడా దణ్ణం పెట్టి రా."

"ఎందుకమ్మా ఆయనకి దణ్ణం?"

"ఎందుకేంది? మన శీను కళ్ళు చూసి తగ్గినయ్యని చెప్పింది ఆయనే గదా. అంత చదువుకున్నాయన ఊరికే చెబుతాడా? నేను పోసిన పసరు నా బిడ్డకి పని చేసింది. ఆ పాడు జ్వరం ఎత్తుకుపోయింది గానీ, లేకపోతే తగ్గినోడే. ఆయన ఆ మాట అనకపోయుంటే, నా చేత్తో నేనే జాగు చేసి పిల్లోణ్ణి చంపుకున్నాననుకుని ఈపాటికి ఏ బావిలోనో దూకేదాన్ని."

ఆయన నోటి నుంచి వచ్చిన మాటల్లో అన్నిటికన్నా తప్పుడు మాట అది. ఇన్నేళ్ళుగా మా అమ్మ దాన్నే పట్టుకుని లేస్తోంది, తింటోంది, తిరుగుతోంది. దాన్ని లాగేసే ధైర్యం నాకు లేదు. లాగకుండా ఉండాలంటే ఆయన మాటని నా నోటితో నేనే నిలబెట్టాలి. ఆయన మీద నాకున్న అసహ్యంలో ఇంతకన్నా చేదైన వాటా లేదు.

అమ్మ తలెత్తి నా మొహంలోకి చూసింది. "చెప్పవే, నువ్వు దగ్గరుండి చూశావుగా. పోయేనాటికి తెల్లగానే ఉన్నయ్ గదా వాడి కళ్ళు?"

"తెల్లగానే ఉన్నాయమ్మా," అన్నాను.